డ్రైవరు సీటు మీది మెత్త

సూళ్లూరుపేట,
7-8-1981, శుక్రవారం.

చిరంజీవి చెంగల్రాయుడికి,

అక్క వసంతమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మధ్యాహ్నం నుంచి నా గుండెదడ తగ్గలేదు కాబట్టి ఆ మాట రాయలేను.

శుక్రవారం కదా, ఎప్పటిలాగే కారియరు పట్టుకుని బస్టాండులో నిలబడ్డాను. చిత్తూరు బండి వచ్చింది. నుదుటి మీద ‘జ్ఞానాంబ మోటార్ సర్వీస్’ అని పచ్చ అక్షరాలు, ఎడమ పక్క ఆ సొట్ట, అన్నీ నీ బండివే. డ్రైవరు తలుపు తెరుచుకుంది. దిగినవాడు నువ్వు కాదు. ఎవడో నల్లకళ్ళద్దాల మనిషి. "మా తమ్ముడు యాడప్పా?" అని అడిగితే అరవంలో ఏదో గొణిగి టీ అంగడికి పోయాడు. కండక్టరు గోవిందును పట్టుకున్నాను. వాడు టికెట్ల కట్ట సర్దుకుంటూ, "బాగానే ఉండాడు లేమా, రాయుడన్నే సెప్తాడు" అన్నాడు. బాగానే ఉంటే నా మొహం చూడకుండా ఎందుకు చెప్పాలి?

ఇంకొకటి చూసి కడుపు రగిలింది. నడుము నొప్పి అన్నావని నా పాత చీర చించి, బూరుగుదూది కూరి, నీ సీటుకు మెత్త కుట్టి ఇచ్చాను కదా. అది ఇంజను పక్కన కింద పడి ఉంది. దాని మీద ఎవరిదో కోళ్ళ గంప.

జ్వరమా? ఎక్కడైనా బండి తగిలించావా? ఉద్యోగం తీసేశారా? మీ బావను అడిగితే, "డ్రైవరు కనపడకపోతే సెలవులో ఉంటాడు, అంతే" అని, నీకు తెచ్చిన పులుసంతా తానే తిన్నాడు. ఆయనకు దిగులు పుడితే ఆకలి ఎక్కువవుతుంది. ఇడ్లీ కొట్టు పెట్టుకున్నదే అందుకేమో.

ఈ ఉత్తరం గోవిందు చేతికే ఇస్తున్నాను. రెండు ముక్కలైనా సరే, నీ చేతిరాత నాకు కనపడాలి.

అక్క
వసంతమ్మ


చిత్తూరు,
13-8-81.

అక్కకూ బావకూ నమస్కారాలు.

నాకు జ్వరం లేదు. బండి ఎక్కడా తగల్లేదు. ముందు ఈ రెండు వాక్యాలు బావకు చదివి వినిపించి తర్వాత మిగతాది చదువుకో.

మా ఓనరు వరదయ్యగారు ఆషాఢంలో పక్షవాతం వచ్చి పడిపోయారు. కుడిచెయ్యి లేవదు, మాట రాదు. ఆయన కుర్చీలో ఇప్పుడు అల్లుడు కూర్చున్నాడు. తడ మనిషి, మద్రాసులో చదివాడు. పేరు పెట్టి పిలిచే ధైర్యం లేదు, సార్ అనడానికి మనసు రాదు, అందుకని షెడ్డులో అందరం ‘అల్లుడు’ అనే అంటాం. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఈయన దానం కూడా చేయడు.

వచ్చీరాగానే కొత్త చట్టం పెట్టాడు. ఏ బండీ ఏ డ్రైవరుకూ సొంతం కాదట. పెద్దాయన కాలంలో ఒకరికి బండి అప్పజెప్పితే పిల్లనిచ్చినట్టే. దాని దగ్గు, దాని అలక ఆ డ్రైవరుకే తెలిసేవి. ఇప్పుడు ఎవరిని ఎప్పుడైనా ఏ బండికైనా మారుస్తాడు. నన్ను సూళ్లూరుపేట నుంచి తీసి పుంగనూరు దారిలో వేశాడు. నా బండి మద్రాసు నుంచి తెచ్చిన మనిషికి ఇచ్చాడు. అద్దం దగ్గర దేవుడి పటాలు తీయించాడు. డ్యూటీ దిగి మేం కూర్చునే రాతి అరుగు కొట్టించి ముళ్ళకంచె వేశాడు. మాకు పేర్లు కూడా పోయాయి. మొన్న గుమాస్తా "ఏడో నంబరూ!" అని కేకేస్తే, పాపం ఎవరో అని నేనూ చుట్టూ చూశాను. ఏడో నంబరు నేనే.

గురప్ప నీకు తెలుసు. నాతో పాటు క్లీనరుగా చేరినవాడు, నా పెళ్ళికి బండి తోలినవాడు. వాడు ఆదివారం ఆదివారం డ్రైవర్లను పిళ్ళారి గుడి వెనక కూడేస్తున్నాడు. "మనం బండ్లు తోలేవోళ్ళం, బండికి కట్టిన ఎద్దులం కాదబ్బా. నోరుండాది, అడుగుదాం" అంటాడు. నన్ను రమ్మన్నాడు. నేను పోలేదు. పోవాలనే ఉంది, కాళ్ళు కదలలేదు. ఈ వయసులో స్టీరింగు పోతే నాకింకేం చేతనవుతుందక్కా? సుబ్బులమ్మ నా మొహం చూసి ఏమీ అడగడం లేదు. అడగకపోవడమే నాకు భయంగా ఉంది.

ఈ సంగతి నీ కడుపులోనే ఉంచుకో. మెత్త సంగతి గోవిందుకు చెప్పాను, తీసి దాస్తానన్నాడు.

తమ్ముడు
చెంగల్రాయుడు


సూళ్లూరుపేట,
24-8-81.

ఒరే రాయుడూ,

నీ ఉత్తరం చదివి ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత మళ్ళీ చదివి ఆ ఊపిరి బిగబట్టాను.

గురప్ప మంచివాడే, కాదనను. నీ పెళ్ళికి బండి తోలుతూ ఏర్పేడు దగ్గర ఆపి ఆడవాళ్ళందరికీ సోడాలు తాగించినవాడు. కానీ ఊరందరి కష్టం నెత్తిన వేసుకునే మనిషి పక్కన నిలబడితే మనకూ రాళ్ళు తగులుతాయి. నువ్వు పిళ్ళారి గుడి వెనక్కి వెళ్ళావంటే నా మీద ఒట్టే. అమ్మ పోయినప్పుడు నువ్వు నా చంకలో ఉన్నావు. నిన్ను పెంచిన చేతులివి. నీ కంచంలో మన్ను పడితే చూస్తూ ఊరుకోవు.

అన్నట్టు, మొన్న తడకు పోయివచ్చాను. ఎందుకని అడగొద్దు. పండు ఒలిచి చేతిలో పెడితే తినాలి గానీ ఏ చెట్టుదని అడక్కూడదు. నీ సంగతి ఇక దేవుడు చూసుకుంటాడు. పని కావాలంటే దేవుడిని కాదు, దేవుడి తల్లిని పట్టుకోవాలని మీ బావే అంటుంటాడు.

ఇక్కడ ముసురు పట్టింది. పిండి పులవడం లేదు. నిన్న ఇడ్లీలు రాళ్ళలాగా వస్తే మీ బావ, "పళ్ళు గట్టివాళ్ళకు రెండు ఎక్కువ" అని వాటినే అమ్మేశాడు.

సుబ్బులమ్మను దిగులు పడొద్దని చెప్పు. మంచి కబురు వస్తుంది.

అక్క
వసంతమ్మ


చిత్తూరు,
3-9-81.

అక్కా,

నీ మాటలు నాకు సగం అర్థం కాలేదు. ఇక్కడ జరుగుతున్నది అసలే అర్థం కాలేదు. చెప్తాను విను.

సోమవారం గుమాస్తా వచ్చి "చెంగల్రాయుడుగారూ" అన్నాడు. నంబరు పోయి పేరు వచ్చినప్పుడే భయమేసింది. లోపలికి పోతే అల్లుడు నన్ను కూర్చోమన్నాడు. "మీరు నమ్మకమైనవారని తెలిసింది" అని ఖాకీ కోటు చేతిలో పెట్టాడు. ఇత్తడి బొత్తాలు, జేబు మీద ఎర్రదారంతో కంపెనీ పేరు. ఈ దినం నుంచి నేను చెకింగ్ ఇన్‌స్పెక్టరునట. బండ్లెక్కి డ్రైవర్లనూ కండక్టర్లనూ తనిఖీ చేయాలి.

కోటు పట్టుకుని బయటికొచ్చేసరికి షెడ్డు గోడ మీద కాగితం అంటిస్తున్నారు. పిళ్ళారి గుడి వెనక మీటింగులు పెట్టినందుకు గురప్పను సస్పెండు చేశారు. గుడి పేరుతో సహా రాసి ఉంది. ఆ చోటు మా డ్రైవర్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒకే పొద్దున వాడికి ఆ కాగితం, నాకు ఈ కోటు. ఇక ఎవరికి ఏం చెప్పాలి? టీ అంగడికి పోతే బెంచీ మీద వాళ్ళంతా లేచిపోయారు. గురప్ప ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు మీటింగుకు రాలేదని నాకు బాధ లేదప్పా. బయం ఎవురికైనా ఉంటాది. కానీ ఇట్ల సేస్తావనుకోలేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నేను చెప్పలేదక్కా. నా బిడ్డల మీద ఒట్టు, ఎవరికీ చెప్పలేదు. ఎవరు చెప్పి ఉంటారో తెలియక రాత్రంతా ఒక్కొక్కరి మొహమూ గుర్తు చేసుకుంటున్నాను. అందరి మీదా అనుమానం వస్తోంది. వాళ్ళకు మాత్రం నా ఒక్కడి మీదే.

ఈ ఉత్తరం గోవిందుకు ఇస్తున్నాను. వాడు తీసుకుంటాడో లేదో.

చెంగల్రాయుడు


సూళ్లూరుపేట,
11-9-81, శుక్రవారం.

ఇన్‌స్పెక్టరు చెంగల్రాయుడుగారి సముఖానికి,

కోటు ఒంటిమీద పడగానే అక్కకు జాబు రాయడం మరిచిపోయినట్టున్నారు. పోనీలే. గొప్పవాళ్ళకు తీరిక ఉండదు.

ఈ పొద్దున చెంగాళమ్మ గుడిలో భారతమ్మ కనపడి చెప్పింది. అదేరా, మీ అల్లుడి కన్నతల్లి. శుక్రవారాలు తడ నుంచి గుడికి వచ్చి, మన కొట్టులో ఇడ్లీ తిని పోతుంటుంది. ఇక దాచేదేముంది! ఆ రోజు నేను తడకు పోయింది ఆమె దగ్గరికే. మురుకులు చేసుకుని, పండ్లూ పూలూ పెట్టుకుని పోయాను. "మా తమ్ముడు నోట్లో నాలుక లేనోడమ్మా. ఆ గురప్ప ప్రతి ఆదివారం పిళ్ళారి గుడి ఎనక అందర్నీ కూడేసి ఎగదోస్తా ఉండాడు. మావాడు ఆ దిక్కుకే పోలేదు. మీ అబ్బాయితో ఒక మాట సెప్పండి" అని చేతులు పట్టుకున్నాను. ఆమె మంచిది. చెప్పింది. బండి ఇప్పిస్తాడేమో అనుకున్నాను గానీ ఏకంగా కోటే ఇచ్చాడు.

మీ బావ కొట్టులో ఉన్నవాళ్ళందరికీ కాఫీ పోశాడు. నీకు ఇక నడుము నొప్పి ఉండదు. ఆ కోటు వేసుకుని, సుబ్బులమ్మను పక్కన పెట్టుకుని ఒక ఫోటో తీయించుకుని పంపు.

నీ మేలు కోరే
అక్క వసంతమ్మ


చిత్తూరు,
16-9-81.

అక్కకు,

నీ ఉత్తరం చేరింది. ఇది పోస్టులో వేస్తున్నాను. గోవిందు ఇక నా ఉత్తరాలు మోయడు. నేను మూడో తేదీ ఇచ్చినది కూడా నీకు అందినట్టు లేదు. అంది ఉంటే ఆ కాఫీలు పోసి ఉండరు.

గురప్పను సస్పెండు చేశారు. మీటింగుల సంగతి అల్లుడి చెవిలో వేసింది నేనేనని కంపెనీ అంతా నమ్ముతోంది. ఎవరికీ చెప్పలేదని నా బిడ్డల మీద ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు పెట్టేటప్పుడు నువ్వు నాకు పరాయిదానిగా తోచలేదు. నీకు చెప్పానన్నది గుర్తే రాలేదు.

నా కోసమే చేశావు. అది నాకు తెలుసు. అయినా నీ మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

నిన్న కోటు మడిచి అల్లుడి బల్ల మీద పెట్టి, నా స్టీరింగు నాకివ్వండి చాలన్నాను. ఆయన తలెత్తకుండానే, "కోటు వద్దంటే కంపెనీ వద్దన్నట్టే. ఆలోచించుకోండి" అన్నాడు. మళ్ళీ తీసుకుని వచ్చేశాను. అంతే నా ధైర్యం.

మళ్ళీ తడకు మాత్రం పోవద్దు.

చెంగల్రాయుడు


సూళ్లూరుపేట,
23-9-81.

నాయనా రాయుడూ,

నీ కోపం ఉత్తరం చేరిన మర్నాడు గోవిందు వచ్చి, ఆ పాత ఉత్తరం నా చేతిలో పెట్టాడు. చొక్కా జేబులో నలిగి చెమటకు తడిసి ఉంది. "ఇద్దామనే ఉన్నానుమా. కోపమొచ్చి ఇయ్యలేదు" అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నా చేతులు నేనే నరుక్కోవాలనిపించింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

నీ ఒక్కడి మంచి చెబితే సరిపోయేది. పక్కవాడి చెడ్డ చెబితే గానీ మనవాడి మంచి తూకానికి రాదనుకున్నాను. గురప్ప పేరు ఎత్తాల్సిన పనేముంది నాకు? ఆ సోడాలు తాగినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా.

పోవద్దన్నావు. అయినా మనసు ఆగక మళ్ళీ తడకు పోయాను. తిట్టు, పడతాను. గురప్పను మళ్ళీ పనిలోకి తీసుకోమని వాళ్ళ అబ్బాయికి చెప్పమంటే భారతమ్మ, "ఇప్పిచ్చిన కోటు సాల్లేదా మీవోడికి? ఉండు, మావోడికి సెప్తా" అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "వొద్దమ్మా, ఏమీ సెప్పొద్దు" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసి వచ్చాను. ఇది కూడా ఇంకే వంకర తిరుగుతుందో.

నువ్వు ఒక్క పని చెయ్. మీ వాళ్ళందరి ముందూ ‘చెప్పింది మా అక్క’ అనెయ్. తిడితే నన్ను తిట్టనీ. గురప్ప ఇంట్లో పొయ్యి వెలుగుతోందా? ఆ మాట ఒక్కటి రాయి. మీ బావ నాతో మాట్లాడడం లేదు. ఆకలి లేదంటున్నాడు. నాకు అది చూస్తే ఇంకా భయంగా ఉంది.

అక్క


చిత్తూరు,
1-10-81.

అక్కా,

కోపం కొంచెం దిగింది. దాని చోటులో వేరేది వచ్చి కూర్చుంది.

ఏడో తేదీ ఆయుధపూజ. మా షెడ్డులో అది ఎంత పండగో నీకు తెలుసు. ఎవరి బండిని వారు కడిగి, అరటిపిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. బొరుగులూ శనగలూ పంచుతాం. మొదటి బండి ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టేది అందరికంటే పెద్ద డ్రైవరు. ఇన్నేళ్ళుగా అది నేనే. ఆ పగలు అందరి ఇళ్ళ ఆడవాళ్ళనూ బండ్లలో కాణిపాకం తీసుకుపోయేవాళ్ళం. ఈ ఏడు అల్లుడు అది వద్దన్నాడు.

డ్రైవర్లందరూ ఒక మాట మీదికి వచ్చారు. పనికి వస్తారు, బండి తోలుతారు. పూజ మాత్రం చేయరు. "బండి మీది కాదన్నాడు గదా. మాది కాని దానికి మేమెందుకు పసుపు పూయాల?" అంటున్నారు. సమ్మె కాదు, గొడవ లేదు. సస్పెండు చేయడానికి చట్టంలో పేరు లేని నేరం. ఇది గురప్ప బుర్రే అని నాకు తెలుసు.

అల్లుడు నన్ను పిలిచి, "మీరు ఇన్‌స్పెక్టరు, అందరికంటే సీనియరు. మీరొక్కరే అన్ని బండ్లకూ పూజ చేయించి గుమ్మడికాయ కొట్టండి. లేదంటే ఏమవుతుందో మీకు తెలుసు" అన్నాడు. కొడితే నేను చెప్పినవాడినని ఒప్పుకున్నట్టే. కొట్టకపోతే నాకు ఈ కంపెనీలో చోటు లేదు.

గురప్ప ఇంటికి పోయాను. వాళ్ళ ఆవిడ నాగరత్నమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. వాడు పెరట్లోకి పోయి నేను లేచేదాకా తిరిగి రాలేదు. పొయ్యి వెలుగుతోంది. నువ్వు బియ్యం మాత్రం పంపవద్దు, వాడు ముట్టడు.

నీ పేరు నేను చెప్పను. మా వాళ్ళంతా ఆ దారిలో తిరిగేవాళ్ళే. నువ్వు ఆ బస్టాండులో తలెత్తుకుని నిలబడాలి.

ఏం చేయమంటావు?

తమ్ముడు


సూళ్లూరుపేట,
4-10-81.

రాయుడూ,

పగలగొట్టు నాయనా. కాయే కదా. నీ ఉద్యోగం కంటే, సుబ్బులమ్మ కంటే, గుమ్మడికాయ ఎక్కువా?

ఇది రాసి రెండు సార్లు కొట్టేశాను. మళ్ళీ రాశాను. పగలగొడితే నువ్వు గురప్ప ఇంటి ముందు నుంచి ఎప్పటికీ తలెత్తుకుని నడవలేవు. అది కూడా నాకు తెలుసు. ఏం చేయాలో ఇకమీదట నేను నీకు చెప్పను. చెప్పినందుకు జరిగింది చాలు.

ఏం జరిగినా వెంటనే రాయి.

అక్క


చిత్తూరు,
9-10-81.

అక్కకూ బావకూ నమస్కారాలు.

నీ ఉత్తరం పండగ ముందు రోజు చేరింది. కొట్టేసిన గీతల కింది అక్షరాలు కూడా చదివాను.

తెల్లవారకముందే షెడ్డుకు పోయాను. డ్రైవర్లు వరసగా గోడ పక్కన నిలబడి ఉన్నారు. స్నానాలు చేసి, నుదుటన బొట్లు పెట్టుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చారు. బండ్లకు మాత్రం దుమ్ము అలాగే ఉంది. అల్లుడు కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు, పక్కన గుమ్మడికాయ. దాని మీద కర్పూరం వెలిగించి నా చేతికిచ్చారు.

కాయ ఎత్తాను. బండి చుట్టూ మూడుసార్లు తిప్పాను. అంతదాకా నాకు నిజంగా తెలియదక్కా, ఏం చేస్తానో. ఎదురుగా గోడ పక్కన గురప్ప నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఎవరూ దాన్ని పూడ్చలేదు. అది చూశాక కర్పూరం ఆర్పేసి, కోటు విప్పి బండి బంపరు మీద పెట్టి, కాయ భుజానికెత్తుకుని గేటు దాటి నడిచాను. వెనక అల్లుడు నా పేరు పెట్టి అరిచాడు. ఆ తర్వాత నంబరు పెట్టి అరిచాడు.

బజారు వీధిలో జనం, ‘ఈ గుమ్మడికాయ యాడికి పోతా ఉండాది’ అని చూశారు. గురప్ప గడపలో దించాను. "ఈ ఏడు నువ్వు కొట్టల్ల" అన్నాను. "మీటింగుల మాట మా ఇంట్లోంచే పోయింది. ఎవురని అడగొద్దు. నేనే అనుకో" అన్నాను. వాడు నా మొహం చాలాసేపు చూశాడు. నేను వచ్చేశాను.

తర్వాత జరిగింది గోవిందు చెప్పాడు. అవును, వాడే వచ్చి చెప్పాడు. చట్టం ప్రకారం బండ్లన్నీ బస్టాండుకు తెచ్చి నిలబెట్టారు. జనం ఎక్కలేదు. పూలబుట్టల ఆడవాళ్ళు ఒక కాలు పైన పెట్టి, చక్రాలు చూసి దిగిపోయారు. "బొట్టు లేదు, నిమ్మకాయ లేదు. పండగపూట దిష్టి తియ్యని బండి ఎవురెక్కుతారు?" అన్నారు. ఎక్కిన ఒకరిద్దరు కూడా వీళ్ళను చూసి దిగారు. అల్లుడు స్వయంగా నిమ్మకాయలు తెచ్చి చక్రం కింద పెట్టబోతే డ్రైవర్లు ఊరికే చూస్తూ నిలబడ్డారట. ఎటుపక్క పెట్టాలో ఆయనకు తెలియలేదు. కబురు ఇంటికి పోయింది. వరదయ్యగారి భార్య జ్ఞానప్రసూనమ్మ, "మా ఆయన కట్టిన కంపెనీ పండగనాడు ముండమోసినట్టు నిలబడాల్నా?" అని ఏడ్చిందట. మధ్యాహ్నానికి గుమాస్తా గురప్ప ఇంటికి పోయాడు, గోడ మీది సస్పెండు కాగితం చించి తీసుకుని. గురప్ప వచ్చి కాయ కొట్టాడు. పూజ జరిగింది. పటాలు మళ్ళీ అద్దాల దగ్గరికి వచ్చాయి.

నా సంగతి అడుగుతావు. కోటు వెనక్కి తీసుకున్నారు. స్టీరింగు ఇవ్వలేదు. "పిలిచినప్పుడు రా" అన్నారు. దినమూ పోయి షెడ్డు బయట నిలబడి వస్తున్నాను. మద్రాసు డ్రైవరు పండగకు పోయి మళ్ళీ రాలేదు. సూళ్లూరుపేట బండి గురప్పకు ఇచ్చారు. వాడు నాతో ఇంకా మాట్లాడలేదు. ఎదురుపడితే తల ఊపుతాడు, అంతే. సుబ్బులమ్మ మాత్రం నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

వచ్చే శుక్రవారం ఆ బండి నుంచి గురప్ప దిగుతాడు. నువ్వు బస్టాండుకు పోవద్దు.

తమ్ముడు
చెంగల్రాయుడు


సూళ్లూరుపేట,
16-10-81, శుక్రవారం.

చిరంజీవి రాయుడికి,

పోవద్దన్నావు. పోయాను. నేను నీ మాట ఎప్పుడు విన్నాను గనక? కారియరు కూడా తీసుకుపోయాను. ఉలవచారు, ఊరిన మిరపకాయలు. మీ బావ వద్దన్నాడు, తర్వాత తానే వచ్చి గిన్నె మూతలు గట్టిగా బిగించాడు.

బండి వచ్చింది. గురప్ప దిగాడు. తల నెరిసిపోయిందిరా వాడికి. బస్టాండులో అందరూ ఉన్నారు, గోవిందు ఉన్నాడు, టీ అంగడి మనిషి ఉన్నాడు. నేను గొంతు తగ్గించలేదు. "గురప్పా, మీ మీటింగుల మాట సెప్పింది మా తమ్ముడు కాదు. నేను. తడకు పోయి నేనే సెప్పినాను. నా తమ్ముడి కోసరం నీ కూట్లో మన్ను పోసినాను" అన్నాను. తలెత్తుకుని నిలబడాలన్నావు కదా. తలెత్తుకునే చెప్పాను, చెప్పాక ఏడ్చాను.

వాడు చెప్పులు విడిచి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "రాయుడు అబద్దం సెప్తే సెవులు ఎర్రబడతాయక్కా. ఆ దినం గడపలో నిలబడి ‘నేనే అనుకో’ అన్నప్పుడు సెవులు సూసినాను. వాడు కాదని అప్పుడే తెలిసింది. ఎవురో మాత్రం తెలీలేదు" అన్నాడు. "నువ్వు సేసింది తప్పే" అన్నాడు. "తప్పే" అన్నాను. "సరే, వడ్డించు. ఆకలేస్తా ఉండాది" అన్నాడు.

తిన్నాడు. మిరపకాయ కొరికి, "వాడు ఇన్నేండ్లు ఒక్కటన్నా మాకు తెచ్చినాడా, దొంగ" అన్నాడు.

"మరి నా తమ్ముడితో ఎందుకు మాట్లాడవు?" అని అడిగాను. "ఏం మాట్లాడాల? రెండు తూర్లు నోరు తెరిసినా. వాడు తల దించుకుని పోతా ఉండాడు" అన్నాడు. మీ ఇద్దరికీ కలిపి ఒక్క బుద్ధే ఇచ్చాడురా దేవుడు. అదీ సగమే.

వాడు గిన్నెలు తానే కడిగి ఇచ్చాడు. బండి కదిలే ముందు డ్రైవరు తలుపు తీస్తే లోపలికి చూశాను. నేను కుట్టిన మెత్త ఉంది. ఉతికి ఆరేసినట్టుంది, కోళ్ళ మరకలు లేవు. సీటు వెనక కొక్కేనికి తాడు కట్టి తగిలించి ఉంది. సీటు మీద మాత్రం ఏమీ లేదు. ఉత్త రెక్సిను, అది కూడా చిరిగి, కింద ఇనుము కనపడుతోంది.

"ఏమప్పా, మెత్త అంత భద్రంగా పెట్టుకుని ఉత్త ఇనుము మీద కూచుంటావా?" అన్నాను.

"నాగరత్నమ్మ ఉతికింది. దాని మీద నేనెట్ల కూసుంటానక్కా, రాయుడి సీటు కదా. సోమవారం డ్రైవర్లందరం కలిసి అల్లుడి దగ్గిరికి పోతా ఉండాం, ఈ బండి వాడిదని సెప్పేదానికి. పిళ్ళారి గుడి ఎనక ఈ ఆదివారం పొద్దున మాట్లాడుకుంటాం. వాణ్ణి ఈసారన్నా రమ్మను" అని బండి ఎక్కాడు.

ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. తెచ్చిచ్చేటప్పుడు తల దించుకోవద్దు.

అక్క
వసంతమ్మ